చూడ్డానికేం లేదన్న ఊళ్లో ఒక ఆదివారం

జపాన్ చుట్టూ తిరిగే క్రూజ్ టికెట్ కొన్నవాళ్లు షెడ్యూలు చేతికి రాగానే తెలిసిన పేర్ల కోసం వెతుకుతారు. ఒసాకా ఉందా, హిరోషిమా ఉందా, నాగసాకి ఉందా అని. మధ్యలో కోచి, అకిత, అవొమొరి లాంటి పేర్లు కనిపిస్తే "ఆ రోజు దిగొద్దులే, ఓడలోనే రెస్టు తీసుకుందాం" అంటారు. దీనికి నేను పూర్తిగా వ్యతిరేకం. ఓడలో వెళ్లేవాళ్లకు ఎక్కువ దక్కేది ఆ పేరు తెలియని ఊళ్లలోనే.

లెక్క చూడండి. ఓడ పొద్దున ఎనిమిదింటికి రేవుకి చేరితే సాయంత్రం ఐదింటికల్లా అందరూ మళ్లీ ఎక్కెయ్యాలి. దిగడానికి క్యూ, కార్డు చూపించడం, తిరుగు ప్రయాణంలో ఓడ తప్పిపోతుందేమోనన్న టెన్షన్ కొద్దీ ముందే వచ్చెయ్యడం, ఇవన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది ఆరేడు గంటలు. ఆ కాస్త సమయంలో కోబేలో దిగి క్యోటో చూసొద్దామని బయల్దేరితే సగం పూట బస్సులోనే పోతుంది. మిగతా సగంలో రెండు గుళ్లు, ఒక ఫొటో. క్యోటో కనీసం నాలుగు రోజులు ఇచ్చి చూడాల్సిన ఊరు. దాన్ని అలా ముట్టుకుని వస్తే చూసినట్టూ కాదు, చూడనట్టూ కాదు. అదే మూడు లక్షల జనాభా ఉన్న మామూలు ఊరైతే ఆరేడు గంటలు సరిగ్గా సరిపోతాయి. ట్రామ్ ఎక్కొచ్చు, నడవొచ్చు, కూర్చోవచ్చు, ఒక పూట అక్కడివాళ్లు తినేది తినొచ్చు.

నేను చెబుతున్నది కోచి గురించి. మన కేరళ కొచ్చి కాదు. జపాన్‌లోని నాలుగు పెద్ద దీవుల్లో చిన్నదైన షికోకుకు దక్షిణాన, పసిఫిక్ సముద్రం వైపు ఉన్న ఊరు. ఆ ప్రాంతాన్ని పూర్వం తోస అనేవారు. కోచి జిల్లా భూమిలో 84 శాతం అడవే, శాతం లెక్కన జపాన్ మొత్తంలో ఇంత అడవి ఇంకే జిల్లాలోనూ లేదు. వెనక కొండలు, ముందు సముద్రం, మధ్యలో కాస్త మైదానం. రైల్లో టోక్యో నుంచి రావాలంటే దూరాభారం కాబట్టి విదేశీ టూరిస్టులు ఇక్కడిదాకా రావడం తక్కువ. ఓడకు మాత్రం ఇది దారిలోనే. ఆ రకంగా కూడా, నేల మీద తిరిగేవాళ్లు వదిలేసే ఊరు ఓడ ఎక్కినవాళ్లకు అప్పనంగా దొరుకుతుంది.

మా అమ్మా నేనూ కలిసి వెళ్లాం. భోజనాల దగ్గర మా టేబుల్లో అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు పెద్దాయన ఉండేవారు. ముందు రోజు రాత్రి ఆయనే అన్నారు, "అక్కడ చూడ్డానికేముందమ్మా? ఒక ఎర్ర వంతెన, అదీ బుల్లిది. బీచికి వెళ్లే టూర్ బుక్ చేసుకోండి" అని. అమ్మ "మాది వైజాగే కదా అన్నయ్యగారూ, బీచి రోజూ చూసేదే" అంది.

వంతెన విషయంలో ఆయన మాట నిజం. హరిమాయా వంతెన ఊరి నడిబొడ్డున ఉంది. పాటల్లో, కథల్లో పేరున్న వంతెన, తీరా వెళ్తే నాలుగడుగుల్లో దాటేస్తాం. దేశం మొత్తంలో చూసి ఉసూరుమనే మూడు చోట్లలో ఇదొకటని జపనీయులే చెప్పుకుంటారు. రేవు నుంచి వచ్చే షటిల్ బస్సు మమ్మల్ని ఆ దగ్గర్లోనే దింపింది. చాలామంది వంతెన దగ్గర ఫొటో దిగి ఇటూ అటూ చూసి, ఇక ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. ఊరిని ఒక వస్తువుగా చూపించమంటే ఇంతే అవుతుంది. ఆ వంతెనకి పక్కనే రెండు ట్రామ్ లైన్లు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకునే కూడలి ఉంది. 1904 నుంచి నడుస్తున్న ట్రామ్‌లవి, జపాన్‌లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాతవి. స్కూలు పిల్లలు, చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్లు, సంచులతో ఆడవాళ్లు వెనక తలుపులోంచి ఎక్కి ముందు తలుపులోంచి దిగుతున్నారు. దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న పెట్టెలో చిల్లర వేయాలి. అమ్మ సీట్లో కూర్చునేదాకా డ్రైవరు అద్దంలో చూస్తూ బండి కదపలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ పావు నిమిషం ఎంత ధైర్యమిస్తుందో మన సిటీ బస్సు మెట్టు మీద ఒంటికాలితో వేలాడిన ప్రతివాళ్లకీ తెలుసు.

ఆ రోజు ఆదివారం. ఆదివారం కోచిలో సంత.

ఊరి కోట ప్రధాన ద్వారం నుంచి తూర్పుగా సాగే పెద్ద రోడ్డు పేరు ఓతెసుజి. మన లెక్కలో కలెక్టరేటు రోడ్డు లాంటిదనుకోండి. ప్రతి ఆదివారం ఆ రోడ్డులో ఒక పక్కంతా కార్ల రాకపోకలు ఆపేసి, కిలోమీటరు పొడవునా గుడారాలు వేస్తారు. దాదాపు 300 దుకాణాలు. మొదలైంది 1690లో. ఊరేలే ప్రభువు ఫలానా రోజుల్లో సంత పెట్టుకోవచ్చని అనుమతిచ్చాడు. 1876 నుంచి ఆదివారాలకు మారింది, 1948లో ఇప్పుడున్న రోడ్డు మీదికి వచ్చింది. కొత్త సంవత్సరానికి, ఆగస్టులో ఊరి పండక్కి తప్ప ఏ ఆదివారమూ మానరు. ప్రభువులు పోయారు, ప్రభుత్వాలు మారాయి, 1945లో బాంబులు పడి ఊరు కాలిపోయింది, మరుసటి ఏడు పెద్ద భూకంపం వచ్చింది. ఆ రెండేళ్లకే సంతను తెచ్చి కోట ముందున్న రోడ్డు మీద కూర్చోబెట్టారు. ఊళ్లోని అతి ముఖ్యమైన రోడ్డుని వారానికోసారి రైతులకు అప్పజెప్పేశారు. నాకైతే కోట కన్నా ఇదే గొప్పగా అనిపించింది.

మేం వెళ్లింది అక్టోబరు చివర్లో. అప్పుడే తవ్విన కొత్త అల్లం కుప్పలు పోసి ఉంది. పల్చటి తోలు, కాడ మొదళ్లు గులాబీ రంగులో. జపాన్‌లో అల్లం ఎక్కువగా పండేది కోచిలోనే. యూజు అనే నిమ్మజాతి పండూ అంతే. వంకాయా అంతే. శీతాకాలంలో కూడా ఎండ బాగా కాసే ప్రాంతం కాబట్టి ప్లాస్టిక్ పందిళ్ల కింద వంకాయ పండించి దేశమంతా పంపుతారు. ఈ సంగతి నేను చెబితే అమ్మ నమ్మలేదు, "జపాన్‌లో వంకాయేంటి?" అంది. మూడో నాలుగో దుకాణం దగ్గరే దొరికాయి. అట్టముక్క మీద చేత్తో ధర రాసి, ఐదేసి కాయలు చిన్న బుట్టలో పేర్చి పెట్టారు. నల్లగా నిగనిగలాడుతూ, ముచ్చిక దగ్గర ముళ్లు ఇంకా గుచ్చుకునేంత తాజాగా.

అమ్మ ఎంవీపీ కాలనీ రైతు బజారుకి ఏళ్ల తరబడి వెళ్తున్న మనిషి. వంగి ఒక కాయ ముచ్చిక దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కింది. దుకాణం పెద్దావిడకి డెబ్బై ఐదు దాటి ఉంటాయి, నడుము వంగిపోయి ఉంది. అమ్మ చెయ్యి చూసి ఆవిడకేం అర్థమైందో, ఆ బుట్ట పక్కకి జరిపి వెనకాల గోతంలోంచి ఇంకో కాయ తీసి ఇచ్చింది. లేతది. అమ్మ నవ్వి తల ఊపింది. ఆవిడ తన భాషలో ఏదో చెప్పింది, నూనెలో వేయించినట్టు చేత్తో చూపించింది. అమ్మ తెలుగులోనే "మేమైతే కారం కూరి వండుతామమ్మా" అని, నాలుగు పక్షాలుగా చీల్చడం వేళ్లతో చూపించింది. ఇద్దరికీ తృప్తిగానే ఉన్నట్టుంది. వెనక క్యూ పెరుగుతోందని నేనే అమ్మని లాక్కొచ్చాను.

కొనలేదు. కొనడానికి వీల్లేదు. పచ్చి కూరలు, పళ్లు ఓడలోకి రానివ్వరు. ఇంకాస్త ముందుకెళ్తే కొడవళ్లు, గునపాలు, కూరగాయల కత్తులు అమ్మే దుకాణం. తోస కమ్మరుల పనికి జపాన్ అంతటా పేరు. కొండల్లో కలప కొట్టే జనం ఉన్న చోట గొడ్డళ్లు చేసి చేసి ఆ పేరు వచ్చింది. కత్తి కొన్నా ఓడ మెట్ల దగ్గర సెక్యూరిటీ తీసేసుకుంటుంది. ఆ పక్కన నారు మొక్కలు, మరో పక్క విత్తనాలు, అవీ దేశం దాటించకూడదు. మరో చోట ఇంట్లో వాడి వాడి అమ్మేసిన పాత పళ్లాలు. అంటే ఆ కిలోమీటరు పొడవులో ముప్పాతిక వంతు సరుకు మాలాంటి వాళ్లు కొనలేనిదే. నాకు ఆ ఊరు నచ్చడానికి అసలు కారణం అదే. ఆ సంత నా కోసం పెట్టింది కాదు. నేను వచ్చినా రాకపోయినా ఆ పెద్దావిడ పొద్దున్నే గోతాలు దింపుకునేది.

క్రూజ్ ఓడలు రోజూ వచ్చే రేవులు ఎలా మారిపోతాయో చూసినవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది. కరీబియన్ వైపు కొన్ని రేవుల్లో ఓడ దిగగానే వజ్రాల దుకాణాలు, వాచీల దుకాణాలు, ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం బొమ్మలు వరసగా ఉంటాయి. పక్క దీవికెళ్లినా అవే. ఊరివాళ్లు ఆ వీధిలో ఏదీ కొనరు, ఉద్యోగానికి తప్ప రారు. ఓడ లేని రోజున ఆ వీధికి పనే లేదు. కోచిలో ఓడ లేని ఆదివారం సంత ఇంకా హాయిగా నడుస్తుందనుకుంటాను.

మరి తీసుకెళ్లలేని వాళ్లం ఏం చెయ్యాలి? తినాలి. సంతలో అందరికన్నా పొడుగు క్యూ చిలగడదుంప ముక్కలు వేయించే దుకాణం దగ్గర ఉంటుంది, ఇమోతెన్ అంటారు. బొటనవేలంత ముక్కని కాస్త తీపి కలిపిన చిక్కటి పిండిలో ముంచి పెద్ద మూకుట్లో వేయిస్తారు. పైన కరకర, లోపల నోట్లో వేస్తే కరిగిపోయేంత మెత్తన. కాగితం సంచిలో వేసి ఇస్తే వేళ్లు కాలుతూనే తినేశాం. కూరగాయలతో చేసే సుషీ కూడా ఇక్కడి ప్రత్యేకత. చేప దొరకని కొండ ఊళ్లవాళ్లు వెదురు మొలకలు, పుట్టగొడుగులు, మ్యోగా అనే అల్లంజాతి మొగ్గలు పెట్టి, అన్నంలో యూజు రసం కలిపి చేసుకునేది. చూడ్డానికి శాకాహారమే గానీ కూరలు ఉడికించే రసంలో ఎండుచేప వేసే అలవాటు ఉంది, నిష్ఠగా ఉండేవాళ్లు అడిగి తినాలి. గొంతు మండేంత ఘాటుగా అల్లం కలిపిన తియ్యటి చల్లటి పానకం మాత్రం ఎవరైనా తాగొచ్చు. అమ్మ రెండు గ్లాసులు తాగింది.

సంత పడమటి కొస కోట ద్వారం దగ్గర ఆగుతుంది. కోట గురించి తక్కువ చెబుతున్నానంటే తక్కువదని కాదు. 1601లో కట్టడం మొదలుపెట్టారు, 1727లో అగ్నిప్రమాదంలో చాలా వరకు కాలిపోతే 1749లో బురుజు మళ్లీ కట్టారు. జపాన్‌లో ఇప్పుడు కనిపించే చాలా కోటలు సిమెంటుతో కొత్తగా కట్టినవి. పాత చెక్క బురుజు అలాగే మిగిలినవి పన్నెండే. అందులో ఇదొకటి. లోపల మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి కాబట్టి అమ్మ కింద బెంచీ మీద కూర్చుంది, నేను ఎక్కి దిగాను. పైనుంచి చూస్తే ఊరు అరచేతిలో పట్టేంతే, చుట్టూ కొండలు.

మధ్యాహ్నం దగ్గర్లోనే ఉన్న హిరోమె మార్కెట్‌కి వెళ్లాం. 1998లో పెట్టింది. ఒకే కప్పు కింద అరవై దాకా చిన్న దుకాణాలు, మధ్యలో పొడుగాటి బల్లలు. ఎవరి తిండి వాళ్లు తెచ్చుకుని ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే, పక్కన ఎవరున్నా సరే. ఆదివారం పొద్దున్నుంచే తాతలు, మనవళ్లు, సంత ముగించుకున్నవాళ్లు, బీరు గ్లాసులు. ఇక్కడి చేప కత్సువో, మన తూర మీనుకి దగ్గరి చుట్టం. వరిగడ్డి మంట గుప్పుమని లేస్తుంటే పెద్ద చేప ముక్కని అందులో అటూ ఇటూ తిప్పుతారు. పైపైన కాలి పొగ వాసన పడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. మందంగా కోసి ఉప్పు, పచ్చి వెల్లుల్లి ముక్కలతో ఇస్తారు. జపాన్ వంట అంటే చప్పిడి అనుకునే మనవాళ్లు ఆ పచ్చి వెల్లుల్లితో ఒక ముక్క తిని చూడాలి. అమ్మ చేప ముట్టదు, వేయించిన వంకాయ తెచ్చుకుంది. మా బల్ల దగ్గరి ముసలాయన తన పళ్లెంలోది అమ్మ వైపు జరిపి తినమన్నాడు. అమ్మ చేతులు జోడించి వద్దంది. ఆయనా చేతులు జోడించాడు.

టూరు బస్సులో వెళ్తే కనపడనిది ఇంకోటి ఉంది. వీధి స్తంభాల మీద, గోడల మీద చిన్న బోర్డులు, ఈ చోటు సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో, సునామీ వస్తే ఎటు పరుగెత్తాలో, ఏ భవనం పైకి ఎక్కొచ్చో చెబుతూ. 1946 డిసెంబరు 21 భూకంపానికి ఈ తీరమంతా దెబ్బతింది. అలాంటిదే మళ్లీ తప్పదని ఇక్కడ అందరికీ తెలుసు. ఇదే జిల్లాలో కురొషియో అనే తీరప్రాంత ఊరికి గరిష్ఠంగా 34 మీటర్ల అల రావచ్చని 2012లో ప్రభుత్వ నిపుణులు అంచనా వేశారు. పదంతస్తుల ఎత్తు. అంత భయం నెత్తి మీద పెట్టుకుని కూడా ఆదివారం పొద్దున్నే వంకాయలు పేర్చుకుంటున్నారు. హుద్‌హుద్ రాత్రి కిటికీలకి మంచాలు అడ్డం పెట్టుకుని కూర్చున్న మాకు ఆ బోర్డులు చదవడానికి జపనీస్ రానక్కర్లేకపోయింది.

నా వాదనకి ఎదురుమాట లేకపోలేదు. పెద్ద ఓడ ఒకటి వస్తే ఒక్కసారే మూడు నాలుగు వేలమంది ఊరి మీద పడతారు. ట్రామ్‌లో ఊరివాళ్లకి చోటుండదు. సంతలో గుంపుగా నిలబడి ఫొటోలు తీసుకుని, భోజనం ఓడలో ఫ్రీ కదా అని ఏమీ కొనకుండా వెనక్కి వెళ్లేవాళ్లే ఎక్కువైతే ఆ ఊరికి మిగిలేది రద్దీ మాత్రమే. అందరూ నా మాట విని సంతకే వెళ్తే సంత చెడిపోదా అంటే, చెడిపోవచ్చు. ఇప్పటికే అమ్మేవాళ్లు ముసలివాళ్లైపోయి, తర్వాత కూర్చునే పిల్లలు లేక దుకాణాలు తగ్గుతూ వస్తున్నాయి. ఆ ఖాళీల్లోకి అయస్కాంతం బొమ్మలు రావడానికి ఎంతో కాలం పట్టదు. కాబట్టి వెళ్లేవాళ్లు ఓడలో టిఫిన్ మానేసి ఆకలితో వెళ్లండి. చిల్లర పట్టుకెళ్లండి, చాలా దుకాణాల్లో కార్డు చెల్లదు. మనిషిని అడిగి ఫొటో తియ్యండి. మోయగలిగినవి కొనండి, యూజు తొక్క కలిపిన ఉప్పు, తువ్వాళ్లు లాంటివి. నలుగురైదుగురికి మించి కలిసి నడవకండి. ఓడ ఆదివారం కాకుండా వేరే రోజు వస్తే కూడా మంగళ, గురు, శుక్రవారాల్లో ఊళ్లో వేరే వీధుల్లో చిన్న సంతలుంటాయి. టూరిస్టులు ఇంకా తక్కువ కాబట్టి అవే మేలేమో కూడా.

సాయంత్రం రేవులో ఓడ కదిలేముందు యొసకోయ్ నాట్యం చేశారు. యుద్ధం తర్వాత కుదేలైన ఊరికి ఊపు తేవాలని 1954లో మొదలుపెట్టిన పండగ నాట్యం అది. చేతిలో తట్టే చెక్కలు ఒకప్పుడు పొలాల్లో పిట్టల్ని తోలడానికి వాడినవి. ఆ రోజంతటిలో మా కోసమని చేసింది అదొక్కటే, చాలా బాగుంది కూడా. డెక్ మీద పక్కన నిలబడ్డ పెద్దాయన "బీచిలో గాలి బాగుందమ్మా, మరి మీరేం చూశారు?" అని అడిగితే అమ్మ వంకాయల దగ్గర మొదలుపెట్టింది.

ఇదంతా నేను రాయడానికి ఇంకో కారణం మా ఊరు. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. విదేశీ ఓడలు వస్తే వాళ్లకి ఏం చూపించాలన్న మాట వచ్చినప్పుడల్లా అరకు, బొర్రా గుహలు అంటారు. అరకు వంద కిలోమీటర్ల పైన, ఘాట్ రోడ్డు. ఆరేడు గంటలున్న మనిషిని అక్కడికి తిప్పడమంటే కోబేలో దిగినవాళ్లని క్యోటోకి పరుగెత్తించినట్టే. రేవుకి దగ్గర్లో ఏముందో చూడండి. వన్ టౌన్ పాత వీధులున్నాయి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారున్నారు, పైన కప్పులేని గుడి, భక్తులు తమ చేతులతోనే పూజ చేసుకునే గుడి. పూర్ణా మార్కెట్ ఉంది. తెల్లారకముందే కరివేపాకు మూటలు, అరటి గెలలు దిగే చోటు. కాకపోతే అక్కడ నడవడానికి చోటు లేదు, కూర్చోవడానికి బెంచీ లేదు, ఆడవాళ్లకి బాత్రూమ్ ఎక్కడో ఎవరూ చెప్పలేరు.

1999లో ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు పెట్టినప్పుడు రైతు నేరుగా వచ్చి అమ్ముకోవడానికి చోటిచ్చాం. మనకి చేతకాని పనేం కాదిది. ఓడల వాళ్ల కోసం అద్దాల షాపింగ్ సెంటరు కట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే దానికి ముందు పూర్ణా మార్కెట్ చుట్టూ కాలిబాట వెయ్యాలి, నీడ, నీళ్లు, బాత్రూమ్ పెట్టాలి, రోడ్డు పక్కన కూర్చున్న ఆకుకూరల వాళ్లని లేపెయ్యడం మానాలి. ఆదివారం పొద్దున నాలుగు గంటలు ఒక్క వీధిలో బళ్లు ఆపి చూడాలి. ఒక్క ఓడ రాకపోయినా ఆ ఖర్చు దండగ కాదు. మా అమ్మ వెళ్తుంది, మీ అమ్మ కూడా వెళ్తుంది.